స్కాన్ గది బయట రాహుకాలం

డాక్టరు మీకు పెట్ స్కాన్ రాసిచ్చి, ఇంటికి వెళ్లి సిద్ధం కమ్మని చెప్పి ఉంటే ఈ నాలుగు మాటలు మీకు పనికిరావచ్చు. ధైర్యం కోసం వెతుక్కుంటున్నవాళ్లు మాత్రం ఇంకేదైనా చదువుకోవడం మంచిది. నా దగ్గర అది మిగల్లేదు. ఆ స్కాన్‌కి ఎలా తయారుకావాలో చెప్పగలను. ఎలా తయారుకాకూడదో ఇంకా బాగా చెప్పగలను.

డిసెంబరు

ఫిల్మ్‌నగర్‌లో ఒక పెళ్లి భోజనంలో మొదలైంది. గారె ముక్క ఒకటి ఛాతీ మధ్యలో ఆగిపోయింది. పైకి రాదు, కిందకి పోదు. పక్కనే ఒక దర్శకుడు, ఎదురుగా ఇద్దరు పంపిణీదారులు కూర్చున్నారు. పదిమందిలో పొలమారడం కూడా మర్యాద కాదని మా ఇంట్లో నేర్పారు. నీళ్ల గ్లాసు కోసం చెయ్యి చాచకుండా, వెన్ను వంచకుండా, కళ్లలో నీళ్లు తిరుగుతుండగా అలాగే కూర్చున్నాను. అది దానంతటదే దిగేదాకా దర్శకుడి మాటలకు తల ఊపుతూనే ఉన్నాను.

తర్వాత ముద్దలు చిన్నవి చేసుకున్నాను. ఆపైన అన్నంలో చారు ఎక్కువ పోసుకున్నాను. ఆవకాయ మానేశాను. నా భార్య సుగుణ పట్టుకున్నది అక్కడే.

"మీరు ఆవకాయ వద్దన్నారంటే చిన్న జబ్బు కాదండీ. పదండి డాక్టరు దగ్గరికి" అంది.

"పని ఉంది" అన్నాను.

"ఆ పని ఏదో నాకూ చెప్పండి, నేను చేసిపెడతాను."

మా గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి. మా నాన్నగారు నిర్మాత. జూబ్లీహిల్స్‌లో మాకు పెద్ద ఇల్లుండేది. చివరి మూడు సినిమాలూ వరసగా పోయాక ఆ ఇల్లూ పోయింది. ఇప్పుడక్కడ కాఫీ హోటలు ఉంది. మా భోజనాల గదిలో కుర్రకారు నిలబడి ఫోటోలు తీసుకుంటారు. మేము కొండ కింద, ఫిల్మ్‌నగర్ వాలులో, లిఫ్టు లేని భవనంలో రెండో అంతస్తులో ఉంటున్నాం. నేను ఒక డబ్బింగ్ థియేటర్‌లో ఎవరికి ఏ పూట ఇవ్వాలో చూసే ఉద్యోగం చేస్తాను. ఒక్క సినిమా కూడా తీయని నన్ను పాత మనుషులు ఇంకా "చిన్న ప్రొడ్యూసర్‌గారు" అంటారు. నేను కాదనను. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, గంజి పెట్టి ఇస్త్రీ చేసినవి తప్ప వేసుకోను.

జనవరి

గొంతులోంచి గొట్టం వేసి చూశారు. ముక్క తీసి పరీక్షకు పంపారు. అన్నవాహికలో గడ్డ. పేరు మీకు తెలిసినదే, రాయను.

సర్జన్ నెమ్మదస్తుడు. కాగితం మీద ఒక గీత గీసి, దాని మధ్యలో చుక్క పెట్టాడు.

"ఇది ఉన్నచోటే ఉంటే ఆపరేషన్ చేసి తీసేయొచ్చండీ. పెద్ద ఆపరేషనే, కానీ దాటిన వాళ్లున్నారు. వేరేచోటికి పాకి ఉంటే మాత్రం ఆపరేషన్ చేయకూడదు. చేసినా ఉపయోగం ఉండదు. అది తేలాలంటే పెట్ స్కాన్ చేయించుకు రండి."

అంటే బతకడమా కాదా అన్నది ఆ ఒక్క స్కాన్‌తో తేలుతుంది. మెట్లు దిగుతూ సుగుణ నా మోచెయ్యి పట్టుకోబోయింది. లిఫ్టు దగ్గర తెలిసినవాళ్లు ఎవరో ఉన్నట్టనిపించి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఎవరూ లేరు.

ఫిబ్రవరి, ఆదివారం

సోమవారం పొద్దున ఎనిమిదింటికి రమ్మన్నారు. ముందురోజు స్కానింగ్ సెంటర్ నుంచి ఒకావిడ ఫోన్ చేసి ఏం చేయాలో చెప్పింది. సుగుణ స్పీకర్ పెట్టింది.

"ఇయ్యాల అన్నం, రొట్టె, పండ్లు, పాలు, చక్కెర ఏం తినొద్దు మేడమ్. గుడ్డు, చికెన్, పనీరు తినొచ్చు."

"అవి గొంతు దిగితే మేము మీ దగ్గరికెందుకు వస్తామమ్మా?" అంది సుగుణ.

అవతలావిడ "సూపు తాపియ్యున్రి మేడమ్, వడగట్టి" అంది.

నరంలోకి ఎక్కించే మందు చక్కెర లాంటిదట. జబ్బున్న చోట దాన్ని ఆబగా తాగేస్తుంది, అందుకే అక్కడ బొమ్మ వెలుగుతుంది. మనం ముందే తీపీ అన్నమూ తిని ఉంటే ఆ వెలుగు సరిగా తెలియదు. నడవకూడదు, బరువులెత్తకూడదు, మెట్లెక్కకూడదు. కష్టపడిన కండరం కూడా ఆ మందు తాగేసి, జబ్బులాగే వెలుగుతుందట. రాత్రి నుంచి నీళ్లు తప్ప ఏమీ ముట్టకూడదు. నీళ్లు మాత్రం బాగా తాగాలి.

మీలో తినగలిగినవాళ్లకి ఇది పెద్ద కష్టం కాదు. నాకు అప్పటికి దిగేవి జావ, పళ్లరసం, పల్చటి పాలు. ఆ మూడూ నిషేధమే. సుగుణ కోడి సూపులో గుడ్డు తెల్లసొన గిలక్కొట్టి, గుడ్డలో వడకట్టి, చెంచాతో ఇచ్చింది. ఆ రోజంతా అదే.

సాయంత్రం అక్కయ్య ఫోన్ చేసింది. అక్కయ్య నాకంటే తొమ్మిదేళ్లు పెద్ద. ఎర్రగడ్డ దగ్గర కూతురింట్లో ఉంటుంది. మా ఇంటి పద్ధతులన్నీ ఇప్పుడు ఆవిడ నోట్లోనే ఉన్నాయి.

"ఎన్నింటికిరా రేపు?"

"ఎనిమిదింటికి."

"సోమవారం ఎనిమిదింటికా! ఏడున్నర నుంచి తొమ్మిది దాకా రాహుకాలం. ఆ మాత్రం చూసుకోవద్దురా?"

"వాళ్లిచ్చిన టైము అక్కయ్యా."

"వాళ్లకేం తెలుసు? నాన్నగారైతే రాహుకాలంలో కెమెరా పెట్టె మూత తీయనిచ్చేవారా? హీరోగారు మేకప్ వేసుకుని కూర్చున్నా సరే, గడియ దాటేదాకా అందరూ కాఫీలు తాగుతూ ఆగాల్సిందే. నువ్వు ఏడింటికే బయలుదేరు, వెళ్లి కూర్చో, తప్పులేదు. ఆ సూది ఒక్కటి తొమ్మిది దాటాక పొడిపించుకో. బతుకు తేల్చే సూదిరా అది."

ఫోన్ పెట్టేశాక సుగుణ అంది. "మీ నాన్నగారి సినిమాలన్నీ మంచి ముహూర్తంలోనే మొదలయ్యాయి కదండీ. మరి మనింట్లో కాఫీ హోటలు ఎలా వెలిసింది?"

నాకు రాహుకాలం మీద నమ్మకం లేదు. ఇప్పటికీ లేదు. కానీ మా ఇంట్లో ఎవరికీ అమ్మలేకపోయినది ఆ పద్ధతి ఒక్కటే. దాన్ని కూడా రేపు పొద్దున నేనే వదిలేసి, ఆ తర్వాత స్కాన్ చెడ్డగా వస్తే? ఆలోచన అంతవరకు వచ్చి ఆగిపోయింది. భయపడ్డవాడికి ఏదో ఒక కర్ర కావాలి. నాకు దొరికింది అది.

సోమవారం

సెంటర్ భవనం నేల కింది అంతస్తులో ఉంది. ఎనిమిది కాకముందే వెళ్లి కూర్చున్నాం. కాసేపటికి నా పేరు పిలిచారు.

"ఐదు నిమిషాలు" అన్నాను.

మళ్లీ పిలిచారు. కడుపులో బాగోలేదని చెప్పి బాత్రూంలోకి వెళ్లి గడియ పెట్టుకున్నాను. గంజి పెట్టిన తెల్ల బట్టల్లో, ఫినాయిలు వాసన మధ్య, గోడకు కూడా ఆనుకోకుండా నిలబడ్డాను. బయట ఎవరో తలుపు తట్టారు. సుగుణ గొంతు వినిపించింది. "ఏమండీ, వాళ్లు అడుగుతున్నారు. వచ్చేయండి, మీకు దణ్ణం పెడతాను." నేను వాచీ చూసుకుంటూ నిలబడే ఉన్నాను.

తొమ్మిది దాటాక మొహం కడుక్కుని బయటకు వచ్చి, "ఇప్పుడు చేయండి" అన్నాను, ఇంట్లో నౌకరుకి చెప్పినట్టు.

లోపలి గదిలో సూది వేసే ఆవిడ బయటకు వచ్చింది. నిన్న ఫోన్ చేసింది తనే, గొంతు గుర్తుపట్టాను. పేరు రేణుక.

"ఇప్పుడెట్ల చేస్తం సార్? మీ డోసు మీ తర్వాతాయనకు ఇచ్చేసినం."

"ఇంకొకటి ఇవ్వండి."

"ఇంకోటి ఉండది సార్. గా మందు నిలవుండేది కాదు. పొద్దున్నే బండ్ల తెస్తరు, ఎంతమందుంటె అంతమందికే. పొద్దెక్కినకొద్ది బలం తగ్గుకుంటనే పోతది. పట్టి ఉంచుదామన్నా ఆగది, మిగిలింది వెనకున్నోళ్లకే సరిపోతది. గంటసేపు బాత్రూంల ఏం చేసిన్రు సార్, కడుపు అంత ఖరాబైందా మీకు?"

నేను చెప్పను కదా. సుగుణ చెప్పింది. "రాహుకాలమమ్మా. అది దాటాక వద్దామని."

రేణుక నన్నూ నా ఇస్త్రీ మడతల్నీ ఒకసారి చూసింది. నవ్వలేదు. నవ్వి ఉంటే నాకు సులువుగా ఉండేది. "వచ్చే మంగళవారం రాసుకుంట. అప్పటిదాక మల్ల గదే తిండి పద్ధతి, ముందురోజు. యాదిపెట్టుకోన్రి మేడమ్" అని సుగుణకే చెప్పింది.

ఆ వారం

ఇంటికొచ్చాక సుగుణ జావ కాచి ఇచ్చి, నా ఎదురుగా కూర్చోకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది. అప్పటికి జావ కూడా మొదటి నాలుగు చెంచాలు దిగాక నిలబడిపోతోంది. వారంలో ఎంత పాకుతుంది అన్న ప్రశ్న ఇద్దరికీ ఉంది.

బుధవారం అక్కయ్య కుంకుమ పొట్లం పట్టుకుని, ఆయాసపడుతూ రెండంతస్తులు ఎక్కి వచ్చింది. జరిగింది అప్పటికే తెలుసు. గుమ్మంలోనే ఏడ్చింది.

సుగుణ మంచినీళ్లిచ్చి, ఆవిడ తాగేదాకా ఆగి, అప్పుడంది. "వదినగారూ, ముప్పై ఏళ్లలో మీకు ఎదురు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. ఈయనకి ఏమన్నా అయితే, ఆ తొమ్మిది గంటలు కొట్టేదాకా ఆగినందుకే అవుతుంది."

అక్కయ్య గ్లాసు కింద పెట్టలేదు. ఒళ్లో పట్టుకునే కూర్చుంది. నేను "సుగుణా" అన్నాను, మందలించినట్టు. అంతకు మించి అనడానికి నాకు హక్కు లేదని ముగ్గురికీ తెలుసు. బాత్రూంలో గడియ పెట్టుకున్నది అక్కయ్య కాదు.

మెట్లు దిగేటప్పుడు అక్కయ్య సాయం పట్టనివ్వలేదు. మా ఇంటి మనిషే కదా.

మంగళవారం

ఈసారి ఎవరూ పంచాంగం తీయలేదు. రేణుక మమ్మల్ని చూసి, "ఇయ్యాల ఏం లేదు గద మేడమ్?" అంది.

"మూడింటికి ఉందమ్మా. ఈలోపల కానిచ్చేయండి" అంది సుగుణ. ఇద్దరూ నవ్వుకున్నారు. వారం రోజుల్లో సుగుణ నవ్వడం అదే మొదటిసారి.

వేచి ఉండే చోట నా పక్కన ఒకామె కూర్చుంది. నలభై అయిదేళ్లుంటాయేమో. తలకు గుడ్డ కట్టుకుంది. రహమత్ నగర్ నుంచి వచ్చిందట, పేరు అనసూయ.

"నీకేడ అన్నా?" అని అడిగింది.

నన్ను ముక్కూ మొహం తెలియనివాళ్లు నువ్వు అని పిలవడం నాకు గుర్తులేదు. ఇంకెప్పుడైనా అయితే జవాబిచ్చేవాణ్ణి కాదు. "గొంతు కింద" అన్నాను.

"నాకు రొమ్ముల. కోసిన్రు. మల్లొచ్చిందేమో సూస్తరంట." కూరగాయల ధర చెప్పినంత మామూలుగా చెప్పింది. "లోపల మస్తు సల్లగుంటది. షాలు తెచ్చుకున్నవా?"

"లేదు."

"గింత మంచిగ ఇస్త్రీ జేసుకొని వస్తివి, షాలు తెచ్చుకోకపోతివా! నా తాన రెండున్నయి, ఇస్తా?"

"వద్దమ్మా. అలవాటే" అన్నాను. చలి అలవాటేమిటో నాకే తెలియదు.

బట్టలు మార్పించారు. వీపు వైపు తాళ్లతో కట్టుకునే గౌను. ఒక్కరే కట్టుకోవడం కుదరదు. సుగుణ వెనక నిలబడి ముళ్లు వేసింది. రేణుక వేలి మీద చుక్క రక్తం తీసి చక్కెర చూసి, సరిపోయిందని చెప్పింది. చేతికి సూది పెట్టి, కిరణాలు బయటకు రాకుండా సీసపు తొడుగు వేసిన సిరంజితో ఆ మందు ఎక్కించింది. ఏమీ తెలియలేదు. ఇంత గొడవ చేసిన మందు, నరంలో చల్లగా కూడా అనిపించలేదు.

ఆ తర్వాత ఒక గదిలో వాలు కుర్చీల్లో కూర్చోబెడతారు. మందు ఒళ్లంతా పాకేదాకా అలా ఉండాలి. మన దగ్గరికి ఇంట్లోవాళ్లను రానివ్వరు. ఫోన్ లేదు. మాట్లాడకూడదు, గొంతు కండరాలు కూడా పనిచేసినట్టే లెక్క. నీళ్ల సీసా ఇచ్చి మొత్తం తాగమన్నారు. నేను మూతెడు మూతెడు తాగాను. ప్రతి మూతకీ ఆగి, అది దిగేదాకా చూసుకుని, మళ్లీ ఇంకొకటి. సగం కూడా అవలేదు.

చలి నిజంగానే చాలా ఎక్కువ. పళ్లు కరచుకుని కూర్చున్నా వణుకు ఆగలేదు. వణికినా కండరమే కదా, అదీ వెలుగుతుందేమో, బొమ్మ పాడవుతుందేమో, మళ్లీ ఇంకో వారమేమో అని భయం పట్టుకుంది. రేణుకను పిలవాలంటే గొంతెత్తాలి. పిలవలేదు. పిలవకపోవడానికి కారణం గొంతు ఒక్కటే కాదు.

రెండు కుర్చీల అవతల అనసూయ కళ్లు మూసుకుని ఉంది. నిద్రపోతోందనుకున్నాను. లేచి వచ్చింది. ఏమీ అనకుండా తన షాలు ఒకటి తెచ్చి, మెడ నుంచి పాదాల దాకా నాకు కప్పి, అంచులు నా భుజాల కిందకి దోపింది, పిల్లాడికి దోపినట్టు. అప్పుడే రేణుక లోపలికొచ్చి, "ఓ అక్కా, నడవొద్దని ఎన్నిసార్లు చెప్పాలె నీకు! కూసో" అని కసిరింది. అనసూయ నాలుక కరచుకుని తన కుర్చీలోకి పోయింది. ఆ షాలుకి కొబ్బరినూనె, పొగ వాసన. నేను దాన్ని మెడ దాకా లాక్కున్నాను. థాంక్స్ చెప్పడానికి వీల్లేదు, మాట్లాడకూడదు. నా స్కాన్ అయి నేను బయటకు వచ్చేసరికి ఆమెను లోపలికి తీసుకెళ్లారు. షాలు సుగుణ మడతపెట్టి, బయట కూర్చున్న ఆమె భర్తకు ఇచ్చింది. ఆమె స్కాన్‌లో ఏం వచ్చిందో నాకు తెలియదు.

యంత్రం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. చేతులు రెండూ తలపైకి ఎత్తి పడుకోవాలి. బల్ల లోపలికి పోతుంది, బయటకు వస్తుంది. కదలకూడదు. అది నాకు చేతనైన పనే. అయిపోయాక రేణుక మెచ్చుకుంది. "కొంచెం గూడ కదల్లేదు సార్ మీరు. బొమ్మలు సాఫ్‌గ వచ్చినయి."

శుక్రవారం

సాఫ్‌గానే వచ్చాయి. సర్జన్ వాటిని తెర మీద పెట్టాడు. చీకట్లో మనిషి ఆకారం. ఛాతీ మధ్యలో ఒక వెలుగు ఉండాలని నాకు ముందే తెలుసు. కాలేయంలో ఉన్నవి, నడుం ఎముకలో ఉన్నవి తెలియవు. వాటిని లెక్కపెట్టబోయి మానేశాను.

"ఆపరేషన్ వద్దండీ" అన్నాడు సర్జన్.

సుగుణ నావైపు చూడలేదు, తెరనే చూస్తోంది. నేను వెన్ను కుర్చీకి ఆనించకుండా అడిగాను. "ముందు వారం సోమవారమే చేయించుకోవాల్సింది. మా వల్లే ఆలస్యమైంది. అప్పుడే చేయించి ఉంటే?"

"అప్పుడూ ఇదే కనిపించేదండీ. ఇవి వారంలో వచ్చినవి కావు. మీకు ముద్ద ఆగేటప్పటికే ఉండి ఉంటాయి. ఆ బెంగ పెట్టుకోకండి."

ఓదార్చడానికే అన్నాడు. నాకు కాళ్ల కింద మిగిలిన కాస్త నేల కూడా పోయింది.

సుగుణ అప్పుడు నోరు విప్పింది. "ఈయన మళ్లీ అన్నం తింటారా?" అని అడిగింది. ఇంకేమీ అడగలేదు.

"దారి మూసుకుపోకుండా లోపల ఒక సన్నటి గొట్టం పెడతామమ్మా. మెత్తగా కలిపి పెడితే దిగుతుంది. కొన్నాళ్లు."

ఇంటికొచ్చాక అక్కయ్యకు సుగుణే స్పీకర్ పెట్టి ఫోన్ చేసింది. నేను చేస్తానన్నా వినలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. చివర్లో, "వదినగారూ, ఆరోజు నేనన్న మాట మనసులో పెట్టుకోకండి. డాక్టరుగారు చెప్పారు, ఆ సోమవారం వల్ల ఏమీ కాలేదట. మీ తప్పేమీ లేదు" అంది.

అక్కయ్య అంది. "నా తప్పే అయ్యుంటే బాగుండేది కదే అమ్మా."

ఆ మాట నాకు అర్థమైంది. తప్పు మాదైతే, అది చేయకపోతే బాగుండేదన్న ఒక సోమవారమైనా ఉండేది. అదీ లేదు.

ఏప్రిల్

గొట్టం పెట్టి నెల దాటింది. స్కాన్‌కి వెళ్లేవాళ్లకు నేను చెప్పగలిగినది ఇదే. పిలిచినప్పుడు లేచి వెళ్లండి. ముందురోజు వాళ్లు చెప్పినట్టే తినండి. మందమైన షాలు పట్టుకెళ్లండి, ఎవరైనా ఇస్తే వద్దనకండి. గౌను తాళ్లు కట్టడానికి ఒక మనిషిని తోడు తీసుకెళ్లండి. అందులో ఏం కనిపిస్తుందో మాత్రం మీ చేతిలో లేదు. ఆ విషయంలో నేనేమీ చెప్పలేను.

థియేటర్ పని మానేశాను. తెల్ల చొక్కాలు వదులైపోయాయి. సుగుణ వాటిని కుట్టించి బిగువు చేయిస్తానంది. వద్దన్నాను.

ఇప్పుడు మధ్యాహ్నం పూట సుగుణ అన్నాన్ని పప్పుకట్టుతో మెత్తగా చేసి, మిక్సీలో తిప్పి, గిన్నెలో వేసి నా ముందు పెడుతుంది. తను తినకుండా ఎదురుగా కూర్చుంటుంది. నేను చెంచా నోట్లో పెట్టుకున్నప్పుడల్లా నా మొహం చూడదు, గొంతు చూస్తుంది.

"దిగిందా?" అంటుంది.

తల ఊపుతాను. దిగకపోయినా ఊపుతాను. తెలిసే ఇంకో చెంచా నింపుతుంది.